బైలాస్ చదవకుండా సంతకం పెట్టకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితుడూ చెరి సగం వాటాతో, కాలిఫోర్నియాలో ఉంటూనే మరో అమెరికా రాష్ట్రం డెలావేర్‌లో కంపెనీ నమోదు చేయిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. బైలాస్, అంటే కంపెనీ లోపలి నడవడి నియమాలు మాత్రం, ఎక్కడో దొరికిన నమూనాలో పేర్లు మార్చి సంతకాలు పెట్టేస్తారట. అక్కడ కాస్త ఆగండి.

డెలావేర్ చట్టం ధారాళంగా ఉంటుంది. బోర్డులో ఒక్క డైరెక్టరున్నా ఒప్పుకుంటుంది. చట్టానికీ, కంపెనీని నమోదు చేసే మీ ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌కూ విరుద్ధం కానంతవరకు బైలాస్‌లో ఏ నియమమైనా పెట్టుకోనిస్తుంది. మీరేమీ రాయని చోట మాత్రం తన నియమం తెచ్చి పెడుతుంది.

కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు సంగతే చూడు. మీరు వేరుగా రాసుకోకపోతే మొత్తం డైరెక్టర్లలో సగానికి మించి హాజరు కావాలి. ఉన్నదే ఇద్దరైతే, ఇద్దరూ రావాలన్నమాట. ఒకడు అలిగి ఇంట్లో కూర్చుంటే సమావేశమే లేదు. పోనీ సమావేశం లేకుండా కాగితం మీద తీర్మానం చేద్దామంటే డైరెక్టర్లందరి సమ్మతీ కావాలి. కోరాన్ని మూడో వంతు దాకా తగ్గించుకునే వీలుంది కానీ, అప్పుడు మీలో ఎవరో ఒకడే కూర్చుని తీర్మానం చేసెయ్యగలడు. అందుకే ఇద్దరికీ నమ్మకమున్న మూడో మనిషిని బోర్డులోకి తీసుకోండి. ఆ మనిషి తప్పుకుంటే ఖాళీ ఎలా నింపాలో కూడా రాసుకోండి. మీ బావమరిదిని మాత్రం తేవద్దు.

స్నేహితులం, మాకెందుకివన్నీ అంటావేమో. 1992లో న్యూయార్క్‌లో ఇద్దరు కలిసి హాస్టల్ గదిలో మొదలుపెట్టిన అనువాదాల కంపెనీ ట్రాన్స్‌పర్ఫెక్ట్. చెరో పక్షానికీ సగం వాటా. లాభాలకు లోటు లేకపోయినా ఇద్దరికీ పొసగక నిర్ణయాలు ఆగిపోయాయి. చివరికి 2015లో కంపెనీల తగవులు తీర్చే డెలావేర్ చాన్సరీ కోర్టు కంపెనీనే అమ్మేయమంది. 2017లో పై కోర్టూ సమర్థించింది. మీలో ఒకరి వాటా మరొకరు కొనే పద్ధతి, ధర కట్టే విధానం వాటాదారుల ఒప్పందంలో ఇప్పుడే రాసుకోండి, మనసులు బాగున్నప్పుడే.

బైలాస్ మార్చే హక్కు ప్రధానంగా వాటాదారులది. బోర్డుకూ ఇవ్వాలనుకుంటే ఆ మాట సర్టిఫికెట్‌లో ఉండాలి, బైలాస్‌లో రాసుకుంటే చాలదు. నమూనాలు నింపేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

వార్షిక సమావేశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 13 నెలలు దాటినా జరగకపోతే ఏ వాటాదారుడైనా, డైరెక్టరైనా కోర్టుకు వెళ్లి జరిపించమనవచ్చు. వాటాదారులు మీరిద్దరే కాబట్టి ఇద్దరూ సంతకం చేసిన సమ్మతి పత్రంతోనే డైరెక్టర్ల ఎన్నిక ముగించవచ్చు. ఆ కాగితాన్ని మినిట్స్‌తో (సమావేశాల నమోదు కాగితాలతో) పాటు ఫైల్లో పెట్టండి.

ఏటా మార్చి 1 లోపు డెలావేర్ ఫ్రాంచైజీ పన్ను, అంటే అక్కడ నమోదై ఉన్నందుకు కంపెనీ కట్టే పన్ను, కట్టాలి. దాన్ని లెక్కగట్టే పద్ధతులు రెండు. కోటి షేర్లకు అనుమతి తీసుకుంటే, షేర్ల సంఖ్యను బట్టి లెక్కగట్టే మొదటి పద్ధతిలో లెక్క 85,165 డాలర్లు చూపిస్తుంది. బెంబేలెత్తకు. షేరు ముఖవిలువ నామమాత్రంగా ఉండి పెద్దగా ఆస్తులు లేని కంపెనీకి, ఆస్తుల మీద లెక్కగట్టే రెండో పద్ధతిలో అది 400 డాలర్లే. అక్కడితో అయిపోదు. పని చేసేది కాలిఫోర్నియాలో కాబట్టి అక్కడా బయటి రాష్ట్రపు కంపెనీగా నమోదు కావాలి; మొదటి ఏడాది దాటాక ఏటా కనీసం 800 డాలర్ల పన్ను.

ముసాయిదాను కార్పొరేట్ లాయరుకు చూపించు. ఆయన కంపెనీ తరఫున పనిచేస్తున్నాడో, మీలో ఒకరి తరఫునో ముందే తేల్చుకోండి.

ఇట్లు,
మీ మామయ్య