కోడ్ బయటపడినప్పుడు

నాన్నా,

సర్వర్‌లో వెబ్ పేజీలను తయారుచేసే భాష పీహెచ్‌పీని 7 నుంచి 8కి మార్చే పని నీ ఒక్కడికే అప్పగించారనీ, మార్చాక పేజీలకు బదులు కోడ్ కనిపిస్తోందనీ అక్క ఫోన్‌లో చెప్పింది. నీ మీద అంత నమ్మకం పెట్టారంటే నాకు గర్వంగానే ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు.

కారణం తర్వాత వెతుకుదువు గానీ, ముందు సైట్ ఆపెయ్. ఆగిందని ఎవరైనా తిడితే తిట్టనీ.

కారణం దొరకడం కష్టం కాదు. పేజీ ఫైల్‌ని పీహెచ్‌పీకి అప్పగించాలని మీ వెబ్ సర్వర్ ప్రోగ్రాం అపాచీకి తెలియట్లేదు, అందుకే మామూలు టెక్స్ట్‌లా పంపేస్తోంది. అపాచీలో పీహెచ్‌పీని నడిపే మాడ్యూల్ పేరులో ఉన్న 7 అంకెను పీహెచ్‌పీ 8లో తీసేశారు. నీ పాత సెట్టింగులు 'మాడ్ పీహెచ్‌పీ7 ఉంటేనే' అనే షరతు లోపల ఉంటే, అపాచీ వాటిని చదవకుండానే దాటేస్తుంది. ఎర్రర్ రాదు, సెట్టింగులను పరీక్షించే కాన్ఫిగ్ టెస్ట్ కూడా అంతా బాగుందనే చెబుతుంది. పీహెచ్‌పీని అపాచీ బయట విడిగా నడిపే ఎఫ్‌పీఎం వాడుతుంటే, ఆ రెంటినీ కలిపే ప్రాక్సీ ఎఫ్‌సీజీఐ మాడ్యూల్, ఎఫ్‌పీఎం కాన్ఫిగ్ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడు. ఎఫ్‌పీఎం ఆగిపోతే 'సేవ అందుబాటులో లేదు' అనే 503 ఎర్రర్ వస్తుంది, కోడ్ కనిపించదు. కొన్ని ఫైళ్లలోనే కోడ్ బయటపడుతుంటే అది షార్ట్ ట్యాగ్ (కోడ్ మొదట్లో '<?php' బదులు '<?' అని రాయడం) గొడవ, పీహెచ్‌పీ సెట్టింగులుండే కొత్త ఐఎన్ఐ ఫైల్‌లో అది ఆఫ్ అయి ఉంటుంది. సరిచేశాక బ్రౌజర్‌ని నమ్మకు, పాత పేజీనే చూపించవచ్చు. కమాండ్ లైన్‌లో పేజీని నేరుగా తెచ్చి చూపే కర్ల్‌తో చూడు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. నేను మొదట చేరిన ఆఫీసులో సర్వర్లు చూసే పెద్దాయన ఉండేవారు. నాకు పని నేర్పింది ఆయనే. ఒక రాత్రి ఇలాగే కోడ్ బయటపడింది. ఆయన కాసేపట్లోనే సరిచేశారు, అందరం మెచ్చుకున్నాం. పాస్‌వర్డ్‌లు మాత్రం మార్చలేదు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా, ఎవరూ చూసి ఉండరులే అనుకున్నారు. చూశారు నాన్నా. మొదటి పేజీ కోడ్‌లోనే కాన్ఫిగ్ ఫైల్ ఎక్కడుందో రాసి ఉంది. ఆ దారి పట్టుకుని రెండో ఫైల్ అడిగితే డేటాబేస్ పాస్‌వర్డ్ వచ్చేసింది. డేటాబేస్ బయటివాళ్లకూ తెరిచే ఉంది. కొన్ని వారాల తర్వాత కస్టమర్ల వివరాలు పోతున్నాయని తెలిసింది. అప్పటికి ఆ రాత్రి లాగ్‌లు (ఎవరు ఏ ఫైల్ అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా) చెరిగిపోయాయి, ఎవరు తీసుకెళ్లారో పట్టుకునే దారే లేకపోయింది. ఆయన ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు. పని రాక కాదు. తాళంచెవి దొంగ చేతిలో ఉండగానే తలుపు మూసి పడుకున్నారు, అంతే. ఆయన గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే.

ఇది చిన్న ఆఫీసుల్లోనే జరుగుతుందనుకోకు. 2007 ఆగస్టులో ఫేస్‌బుక్ హోమ్‌పేజీ కోడ్ ఇలాగే కొందరికి కనబడింది. సర్వర్ సెట్టింగ్ తప్పని వాళ్లే చెప్పుకున్నారు.

అందుకని యాక్సెస్ లాగ్ ఇప్పుడే కాపీ చేసి పక్కన పెట్టు. అప్‌గ్రేడ్ అయిన క్షణం నుంచి సైట్ ఆపేదాకా ఏ పీహెచ్‌పీ ఫైళ్లు 200తో, అంటే అడిగింది ఇచ్చేశామన్న గుర్తుతో, బయటికి వెళ్లాయో అందులో ఉంటుంది. లాగ్ ఖాళీగా ఉన్నా సరే, డేటాబేస్, మెయిల్, పేమెంట్ పాస్‌వర్డ్‌లు, కీలు అన్నీ మార్చు. ఈ ఒక్క మాటలో బద్ధకించావంటే ఊరుకోను. కాన్ఫిగ్ ఫైల్‌ని వెబ్ ఫోల్డర్ బయటికి జరుపు. పేరు చివర '.bak' అని పెట్టిన పాత కాపీలేమైనా ఉంటే తీసెయ్. ఫైళ్లను పీహెచ్‌పీకి అప్పగించే హ్యాండ్లర్ సెట్టింగ్ సరిచేసినా అవి టెక్స్ట్‌లానే బయటికి వెళ్తాయి. పరీక్షకని పెట్టిన, సర్వర్ వివరాలన్నీ చూపే పీహెచ్‌పీ ఇన్ఫో పేజీ కూడా అక్కడ ఉండకూడదు.

నీకు చిన్నప్పటి నుంచీ ఏదైనా పాడైతే నువ్వే బాగుచేసి, ఆ తర్వాత చెప్పే అలవాటు. ముద్దొచ్చేవాడివి. ఇక్కడ మాత్రం అలా చేయకు. సరిచేసినా చేయకపోయినా, కోడ్ ఎంతసేపు బయట ఉందో మీ మేనేజర్‌కి ఈ రాత్రే రాసి పంపు. ఎలా రాయాలో తెలియకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా పర్వాలేదు.

మీ పిన్ని