టోడా గొలుసా? ముందు 2×2 మాత్రిక చేతితో చేసి చూడండి

టోడా గొలుసు అంటే ఒక గీత మీద వరసగా ఉండి, దూరం పెరిగేకొద్దీ వేగంగా తగ్గే బలంతో పక్కవాటిని నెట్టే కణాలు. వాటి కదలికను మాత్రికగా రాస్తే ఒరిగేదేమిటి, లాక్స్ సమీకరణం (ఆ మాత్రిక మారే తీరు చెప్పేది) ఎందుకు అని అడిగారు. ఎమ్మెస్సీలో నాకూ ఇదే టెన్షన్. నిర్వచనాలన్నీ బట్టీ పట్టాను, ఒక్క లెక్కా చేతికి రాలేదు. ఒక రాత్రి హాస్టల్లో 2×2 మాత్రిక రాసుకుని కూర్చున్నాకే దారి కనబడింది.

వికర్ణం మీద బి₁, బి₂, మిగతా రెండు గళ్లలో ఎ రాయండి. బి₁, బి₂ అంటే ద్రవ్యవేగాల్లో సగం, గుర్తు మార్చి. కణాలు దూరమయ్యేకొద్దీ ఎ తగ్గిపోతుంది. 1974లో గణితవేత్త ఫ్లాష్కా చేసిన చలరాశుల మార్పు ఇదే. అప్పుడు ఎ మారే రేటు ఎ(బి₂ − బి₁), బి₁ది 2ఎ², బి₂ది −2ఎ². ఈ మూడింటినీ కలిపి ఒక్క మాత్రికా సమీకరణంగా రాస్తే అదే లాక్స్ సమీకరణం.

ఎ = 1, బి₁ = బి₂ = 0 దగ్గర మొదలుపెట్టండి. కాలం 1 అయ్యేసరికి ఎ 0.27, బి₁ 0.96, బి₂ −0.96. కాలం 2 దగ్గర ఎ 0.037కి పడిపోతుంది. ఎప్పుడు చూసినా బి₁² + ఎ² = 1, అంటే (బి₁, ఎ) బిందువు వృత్తం మీదే జారుతోంది. ఐగెన్ విలువలు (మాత్రిక కొన్ని వెక్టర్లను గీత తప్పకుండా ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్యలు) 1, −1 మాత్రం కదలవు; లాక్స్ సమీకరణం వల్ల ఒరిగేది ఇదే. చివరికి అవే వచ్చి వికర్ణం మీద కూర్చుంటాయి. ఇది చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మారని రాశుల కోసం ఎక్కడెక్కడో వెతికాను, అవి మాత్రికలోనే ఉన్నాయి! కణాలు ఎన్నో ఐగెన్ విలువలూ అన్నే, వాటిలో వాటికి పాసాన్ బ్రాకెట్ (ఒక రాశి నడిపే కదలికలో మరో రాశి మారే రేటు) సున్నా. లియువిల్ చెప్పిన ఇంటిగ్రబిలిటీకి, అంటే కదలికను పూర్తిగా లెక్కగట్టగలగడానికి, కావలసింది అదే.

జ్యామితి 3×3లో ఇంకా అందంగా ఉంటుంది. వికర్ణం, దాని పక్క గళ్లు తప్ప అన్నీ సున్నాలైన సౌష్ఠవ మాత్రికల్లో, మూడు వేర్వేరు ఐగెన్ విలువలు స్థిరంగా ఉన్నవన్నీ పోగెయ్యండి. పక్క గళ్ల గుర్తులను బట్టి నాలుగు షడ్భుజులు వస్తాయి. ఆ మూడు విలువలను వికర్ణం మీద పేర్చే ఆరు వరసలే ఆరు మూలలు. అంచులు అతికిస్తే రెండు రంధ్రాల ఉపరితలం అవుతుంది (టోమెయి, 1984). ప్రతి షడ్భుజి లోపలా టోడా ప్రవాహం (కాలంతో మాత్రిక కదిలే దారి) ఆరోహణ వరస మూల నుంచి బయలుదేరి అవరోహణ వరస మూలకు చేరుతుంది.

కంప్యూటర్ మీద సరిచూడాలంటే, మొదటి మాత్రికను e మీద ఘాతంగా వేసి వచ్చిన మాత్రిక తీసుకుని క్యూఆర్ పద్ధతి నడపండి: దాన్ని లంబ మాత్రిక క్యూ, ఎగువ త్రిభుజ మాత్రిక ఆర్‌ల లబ్ధంగా విడగొట్టి, తిరగేసి ఆర్, క్యూలను గుణించడమే ఒక అడుగు. ఒక్కో అడుగూ టోడా ప్రవాహంలో ఒక్కో పూర్ణ కాలానికి సరిపోతుంది (సైమ్స్, 1982). ఆర్ వికర్ణం ధనాత్మకంగా ఉంచండి, లేదంటే ఎ గుర్తు తారుమారవుతుంది. ఆ ఒక్క తప్పు పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.