నాచు చక్కెరల మీద ఎమ్మెస్సీ చేస్తానంటున్న అమ్మాయి: సోంపేట తండ్రికి జవాబు

ప్రశ్న: మాది సోంపేట మండలం. అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. సముద్ర బాక్టీరియా నాచులోని చక్కెరలను ఎలా పట్టుకుని విడగొడతాయో పరిశోధిస్తానని, అందుకు గోవా యూనివర్సిటీలో మెరైన్ బయోటెక్నాలజీ చేస్తానని అంటోంది. ఆంధ్రా యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ చేయించడం మేలా? ప్రొటీన్ల పనంతా ఇప్పుడు ఏఐ చేస్తోందని, ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చాలని హైదరాబాదులోని మా మేనల్లుడు అంటున్నాడు. బంధువులకు ఏం చెప్పాలో తెలియక ఫారం నింపనివ్వలేదు.

జవాబు: అయ్యా, తీరప్రాంతపు తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. నలుగురికీ పేరు తెలియని చదువు చదివిస్తే పిల్ల ఎటూ కాకుండా పోతుందేమోనన్నదే దాని అడుగున ఉండే భయం. ప్రవేశ పరీక్షల సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది కనుక వదిలేస్తున్నాను.

ముందుగా ఆమె ఎంచుకున్న విషయం ఎంత గట్టిదో చూడండి. సముద్రంలోని డయాటమ్‌లు అనే ఏకకణ నాచులు, గోధుమరంగు నాచులు తమ ఆహారాన్ని లామినరిన్ అనే గ్లూకోజు గొలుసుగా నిల్వ చేసుకుంటాయి. అంత పెద్ద గొలుసు బాక్టీరియా లోపలికి నేరుగా పోదు కాబట్టి, బాక్టీరాయిడెటీస్ వర్గపు సముద్ర బాక్టీరియా తమ పైపొర మీదనే పని మొదలుపెడతాయి: ఒక ప్రొటీన్ గొలుసును పట్టుకుంటుంది, పక్కనున్న ఎంజైము ముక్కలు చేస్తుంది, మరో ప్రొటీన్ ఆ ముక్కలను పైపొర దాటిస్తుంది, లోపలి ఎంజైములు వాటిని గ్లూకోజు దాకా విడగొడతాయి. విశాఖ తీరంలో రాళ్లకు పట్టే ఆకుపచ్చ అల్వా నాచులో ఉండే అల్వాన్ అనే చక్కెర గొలుసు ఇంకా చిక్కైనది, ఎందుకంటే దాని మీద సల్ఫేటు ఉంటుంది. జీడిపిక్క పెంకు తీయనిదే పప్పు దక్కనట్టు, చాలాచోట్ల ఆ సల్ఫేటును సల్ఫటేజులు అనే ఎంజైములు తొలగించనిదే మిగతా ఎంజైములకు పట్టు దొరకదు. ఇది సముద్రంతోనే ఆగే విషయమూ కాదు. జపాన్ వారు తినే నోరి అనే ఎర్ర నాచులోని పోర్ఫిరాన్ అనే చక్కెర గొలుసును విడగొట్టే ఎంజైమును జొబెల్లియా అనే సముద్ర బాక్టీరియాలో గుర్తించిన శాస్త్రవేత్తలు, అటువంటి జన్యువులే జపాన్ వారి పేగుల్లోని బాక్టీరియాలోనూ ఉన్నాయని 2010లో ప్రకటించారు.

మీ మేనల్లుడి సలహా మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ప్రొటీన్ల ఆకృతిని కంప్యూటరుతో అంచనా వేసినవారికీ, కొత్త ప్రొటీన్లను రూపొందించినవారికీ 2024లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చిన మాట నిజం, ఆ పని గొప్పదన్న మాటా నిజం. అయితే ఆకృతి తెలిసినంత మాత్రాన ఆ ప్రొటీన్ ఏ చక్కెరను పట్టుకుంటుందో, ఎంత గట్టిగా పట్టుకుంటుందో, గొలుసును ఏ బంధం దగ్గర తెంచుతుందో తేలిపోదు. సముద్ర బాక్టీరియా జన్యువుల్లో పని ఏమిటో తెలియనివి నేటికీ ఎన్నో ఉన్నాయి. అది తేల్చడానికి జన్యువును ల్యాబులో తేలిగ్గా పెరిగే ఈ.కోలై అనే బాక్టీరియాలో పెట్టి, ప్రొటీన్‌ను తయారు చేయించి, శుద్ధి చేసి, చక్కెరతో కలిపి చూడాలి. అల్వాన్ కలిపిన జెల్‌లో ప్రొటీన్లను విద్యుత్తుతో నడిపించినప్పుడు అల్వాన్‌ను పట్టుకునే ప్రొటీన్ వెనకబడుతుంది, పట్టుకోనిది మామూలుగా సాగిపోతుంది. ల్యాబుల్లో బాక్టీరియాను పెంచే అగర్ ఎర్ర నాచు నుంచి వచ్చేదే కాబట్టి, దాన్ని తినే బాక్టీరియాను అగర్ ప్లేటు మీద పెంచితే కాలనీ కింద గుంట పడుతుంది. అయోడిన్ పోస్తే ప్లేటంతా గోధుమరంగు తిరిగి, ఎంజైము పనిచేసిన మేర మాత్రం వెలిసిన వలయంగా మిగులుతుంది. ఇవి చేత్తో చేసి, చెడగొట్టి, మళ్లీ చేసిన అమ్మాయి తరువాత ఏఐ నేర్చుకుంటే దానికి విలువ ఉంటుంది. ల్యాబు ముఖం చూడకుండా ఆరు నెలల సర్టిఫికెట్ పట్టుకుని వచ్చినవారికి పరిశోధనలో చోటు దొరకడం కష్టం.

ఒక మాట నొప్పించినా చెప్పాలి. మీ ఉత్తరంలో మేనల్లుడి అభిప్రాయం ఉంది, బంధువుల ప్రస్తావన ఉంది; అమ్మాయి ఈ విషయాన్నే ఎందుకు కోరుకుందో ఒక్క వాక్యం కూడా లేదు. అడిగారా? ఫారం ఆపి ఆలోచిస్తున్నానని మీరు అనుకుంటున్నారు గానీ, గడువు దాటితే నోటితో అనకుండానే వద్దన్నట్టవుతుంది. బంధువులకు ఏం చెప్పాలన్నది ఆమె చదువుకు సంబంధించిన ప్రశ్నే కాదు.

అలాగని మీ భయాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. నాచు ఎంజైముల పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు, పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. కానీ ఆ దారిలో ఆమె మీ మీద ఆధారపడి ఉండనక్కర్లేదు: సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. పరిశోధన వద్దనుకున్న రోజున కూడా, ప్రొటీన్ శుద్ధి చేయడం తెలిసినవారు ఫార్మా, ఎంజైము కంపెనీలకు అవసరమే.

ఇక మీరడిగిన పోలిక. బయోకెమిస్ట్రీ పునాది విశాలం, నాచు చక్కెరల పరిశోధనకు అది చక్కగా సరిపోతుంది. మెరైన్ బయోటెక్నాలజీలో సముద్రం నుంచి నమూనాలు తేవడం, ఆ బాక్టీరియాను పెంచడం అదనంగా వస్తాయి. విశాఖలో చేరినా నష్టం లేదు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం అక్కడే ఉంది, ప్రాజెక్టుకు ప్రయత్నించవచ్చు. నాచుల మీద పనిచేసే కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ భావ్‌నగర్‌లో ఉంది, ఆ తలుపు రెండు డిగ్రీలవారూ తట్టవచ్చు. రెండు ఫారాలూ ఈ వారమే నింపించండి. చివరి సెమిస్టరు ప్రాజెక్టు సొంత ల్యాబులోనే చేయిస్తారా, విద్యార్థులు ప్రొటీన్‌ను స్వయంగా శుద్ధి చేస్తారా అని రెండు శాఖలకూ ఆమె చేతనే రాయించి, వచ్చిన జవాబులను బట్టి ఎంపిక ఆమెకే వదలండి.