తుమ్ములకు కారణం ఆ పసుపు పూలు కాదమ్మా

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పెరటి కంచె వెంబడి నడుమెత్తున గుబురుగా పసుపు పూల మొక్కలు లేచాయి. గోల్డెన్‌రాడ్ అంటారట. ఆగస్టు చివర అవి పూశాయో లేదో మా అల్లుడికి తుమ్ములు, కళ్ల దురద మొదలయ్యాయి. మందు కొట్టించేద్దామంటున్నాడు. కొన్ని కాడలకు గోలీ అంత బుడిపె కూడా ఉంది. తెగులా?
— ఒక పాఠకురాలు

జవాబు: మందు కొట్టించకండమ్మా. పాపం, ఆ మొక్క మీద ఈ నింద చాలా కాలంగా ఉంది.

గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువు, పైగా జిగురు. గాలికి లేవదు. తేనెటీగలో కందిరీగలో మోసుకుపోవాల్సిందే. వాటిని పిలవడానికే అంత పసుపు. ఎండపొద్దున ఒక కంకిని దగ్గరగా చూడండి, మీరు ఒక పువ్వు అనుకునేది చిన్న చిన్న పూల గుత్తి అని తెలుస్తుంది. వాటి మీద పాకే తేనెటీగ కాళ్లకు పుప్పొడి ముద్దగా అంటుకుని ఉంటుంది. మెక్సికోకు వలసపోయే మోనార్క్ సీతాకోకచిలుకలకు దారిలో ఇదొక ముఖ్యమైన తిండి. మీ ఊరికి పేరిచ్చిన థామస్ ఎడిసన్ చివరి రోజుల్లో వేల రకాల మొక్కలను పరీక్షించి, రబ్బరు తీయడానికి గోల్డెన్‌రాడ్‌నే ఎంచుకున్నారు.

మీ అల్లుడిని ఏడిపిస్తున్నది దాదాపు ఖాయంగా రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క. అదే రోజుల్లో, అవే కంచెల పక్కన పూస్తుంది. పూలు ఆకుపచ్చగా ఉంటాయి కాబట్టి ఎవరి కంటా పడదు, నింద పక్కనున్న పసుపు పూల మీదికి పోతుంది. గాలినే నమ్ముకున్న మొక్క కదా, దాని పొడి వందల మైళ్లు పోగలదు. ఇది మన వయ్యారిభామకు దగ్గరి చుట్టం. చేలగట్ల మీద వయ్యారిభామ పీకినవాళ్లకు ఆ బాధ చెప్పక్కర్లేదు.

గుర్తుపట్టడం తేలికే. గోల్డెన్‌రాడ్ ఆకు సన్నగా, పొడుగ్గా, చీలికలు లేకుండా ఉంటుంది. రాగ్‌వీడ్ ఆకు వయ్యారిభామ ఆకులాగే లోతుగా చీలి ఉంటుంది, కొసన నిటారు కంకులకు చిన్న ఆకుపచ్చ గిన్నెలు బోర్లించినట్టు వేలాడతాయి. అది ఏడాది మొక్క, వచ్చే జూలైలో పూతకు ముందే వేళ్లతో సహా పీకించండి. ఇప్పుడు పూతలో ఉన్నదాన్ని అల్లుడి చేత మాత్రం పీకించకండి. పక్క వీధిలోది ఎలాగూ గాలికి వస్తుంది కాబట్టి పొద్దున పూట కిటికీలు మూసి ఉంచండి, అలర్జీ డాక్టరు దగ్గర స్కిన్ టెస్ట్ చేయించండి. గట్టి మంచు పడితే ఈ గొడవ తగ్గుతుంది. అందాక గోల్డెన్‌రాడ్‌ను కూడా కోసి ఇంట్లో వాజులో పెట్టుకోవద్దు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ పుప్పొడైనా ఇబ్బందే.

గోల్డెన్‌రాడ్ బహువార్షికం, భూమిలో అడ్డంగా పాకే కాండంతో ఏటేటా పక్కకు విస్తరిస్తుంది. లాన్‌లోకి వస్తే అంచున పారతో తవ్వి తీయండి, చాలు.

బుడిపె తెగులు కాదు. వసంతంలో ఒక చిన్న ఈగ లేత కాడలో గుడ్డు పెడుతుంది. లోపల పురుగు తింటుంటే కాడ దాని చుట్టూ అలా ఉబ్బుతుంది. చలికాలమంతా ఆ పురుగు గడ్డకట్టినా చావకుండా అందులోనే ఉంటుంది. చిన్న వడ్రంగిపిట్టలు ఆ బుడిపెలను పొడిచి దాన్ని తింటాయి. అందుకే పూత అయిపోయాక ఎండిన కాడలను కోయకండి, మార్చి దాకా అలాగే నిలబడనివ్వండి.