నట్లన్నీ వచ్చేశాయి, టైరు మాత్రం కదలట్లేదు

నాలుగు నట్లూ తీసేశాక కూడా ముందు టైరు రావట్లేదు, కాలితో తన్నినా లాభం లేదు, ఏం చెయ్యాలని అడిగారు. ముందు ఆ తన్నడం ఆపండి. కారు జాకీ మీద ఉండగా నేనూ తన్నాను.

విశాఖ నుంచి అన్నవరం వ్రతానికి వెళ్తుంటే నక్కపల్లి దాటాక పంచరైంది. నట్లు తేలిగ్గానే వచ్చాయి. టైరు పట్టుకుని లాగితే కారంతా ఊగుతోంది గానీ అది ఇసుమంత కూడా జరగలేదు. ఒళ్లు మండి మడమతో రెండు తన్నులు తన్నాను. రెండో దానికి జాకీ ఒరిగింది. కారు పడలేదంటే అదృష్టమే. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని, నాతో ఒక్క మాటైనా అనకుండా రోడ్డు దిగి దూరంగా వెళ్లి నిలబడింది.

అక్కడ టీకి ఆగిన లారీ డ్రైవరొకాయన వచ్చి చూసి, నట్లన్నీ మళ్లీ ఎక్కించమన్నాడు. తియ్యాల్సిన టైరుకి నట్లెందుకని నేను వాదించబోతే, "బండి బరువే పీకుద్ది బాబూ, నువ్వెందుకు పీకడం?" అన్నాడు.

ఆయన చేయించింది ఇదీ. నట్లన్నీ చేత్తో ఆనేదాకా బిగించి, ఒక్కోటి రెండు చుట్లు వెనక్కి తిప్పాం. ఒక్కటి కూడా తీసి పక్కన పెట్టకూడదు. జాకీ దించేశాం. బండి నిలబడ్డ చోటే స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాను, ఏం కాలేదు. తర్వాత నడక వేగంతో ఓ రెండు మీటర్లు ముందుకి పోనిచ్చి బ్రేకు నొక్కాను. వెనక్కి కూడా అలాగే. రెండోసారికి టప్‌మని చప్పుడొచ్చింది. అంతే, ఆగిపోవాలి. వదులు నట్లతో ఇంకొంచెం దూరం కూడా పోకూడదు. మళ్లీ జాకీ పెట్టి నట్లు తీస్తే టైరు చేతిలోకి వచ్చేసింది. ఈసారి స్టెప్నీని కారు కింద, జాకీ పక్కన పడుకోబెట్టమన్నాడు. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుందట. తర్వాత నేనెప్పుడూ అది మానలేదు.

మాది బీచ్ దగ్గర ఇల్లు, పైగా అల్లాయ్ వీల్స్. అల్యూమినియం చక్రం, అది కూర్చునే ఇనప హబ్బు, మధ్యలో ఉప్పు తేమ చేరితే రెండూ పట్టేస్తాయి. నా చక్రం మధ్య రంధ్రం చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది.

మీరు ఇంటి దగ్గరే ఉంటే తొందరేం లేదు. మధ్య క్యాప్ తీసి, హబ్బు అంచు చుట్టూ డబ్ల్యూడీ-40 (తుప్పు పట్టు వదిలించే స్ప్రే) కొట్టి ఓ అరగంట ఆగండి. బ్రేకు డిస్కు మీద మాత్రం పడనివ్వద్దు. సుత్తి వాడాల్సొస్తే చెక్క అడ్డం పెట్టి లోపలి వైపు నుంచి టైరు రబ్బరు మీదే కొట్టండి, చక్రం తిప్పుతూ అన్ని పక్కలా. అల్లాయ్ మీద కొడితే పగుళ్లిస్తుంది. వేడి చేయమని ఎవరైనా చెప్తే వినకండి, టైరు పేలుతుంది.

ఊడొచ్చాక హబ్బుని వైర్ బ్రష్‌తో గీకి, చక్రం కూర్చునే మధ్య అంచుకి గ్రీజు పల్చగా రాయండి. బోల్టు మరలకి అంటకూడదు. నట్లు ఎదురెదురుగా బిగించి, ఓ 50 కిలోమీటర్లు నడిపాక ఇంకోసారి పానా వేసి చూసుకోండి.