కొండ ఊళ్లో పాముకాటు: మొదటి సూది ఎక్కడ వేయించాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది మార్కాపురం దగ్గర పెద్దదోర్నాల మండలంలో నల్లమలను ఆనుకుని ఉన్న గ్రామం. కిందటి వానాకాలంలో మొక్కజొన్న చేను కాపలాకు వెళ్లి, నేల మీద పడుకున్న మా మరిదిని తెల్లవారుజామున పాము కరిచింది. పక్క చేలవాళ్లు కాలికి తాడు బిగించి కట్టి, పసరు వేయించడానికి తీసుకువెళ్లారు. తరువాత ఆటోలో దగ్గరి ఆసుపత్రికి చేర్చితే, సూది వేయకుండానే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. ఇటువంటప్పుడు 108 వచ్చేదాకా ఆగాలా, దొరికిన బండిలో బయలుదేరాలా? దారిలోని చిన్న ఆసుపత్రిలో ఆగాలా, నేరుగా మార్కాపురమో ఒంగోలో వెళ్లాలా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: అమ్మా, పాము విషానికి విరుగుడు మందు ఉండి, దానిని ఎక్కించగల డాక్టరు ఉన్న అతి దగ్గరి ఆసుపత్రికే ముందు వెళ్లాలి, అది ఎంత చిన్నదైనా సరే. దోర్నాల నుంచి మార్కాపురం చేరడానికి అరగంటకు పైగా పడుతుంది, అక్కడి నుంచి ఒంగోలుకు మరో రెండు గంటలు పడుతుంది. విషం ఈ ప్రయాణం ముగిసేదాకా ఆగదు. శరీరంలో తిరుగుతున్న విషాన్ని విరుగుడు మందు పట్టుకోగలదు గానీ, అప్పటికే దెబ్బతిన్న నరాలను, మూత్రపిండాలను వెనక్కి తీసుకురాలేదు. అందువల్ల మొదటి మోతాదు దగ్గరలో మొదలుపెట్టించి, మిగిలిన వైద్యం కోసం పెద్దాసుపత్రికి వెళ్లడమే సరైన వరుస.

మన ప్రాంతంలో ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దేశంలో దొరికే విరుగుడు మందు ఒక్కటే ఈ నాలుగింటికీ పనిచేస్తుంది కనుక, కరిచిన పాము ఏదో తేల్చుకోవడానికి దానిని వెదికి చంపి సంచిలో వేసుకురావలసిన పని లేదు. ఈ మందు పొడి రూపంలో కూడా వస్తుంది. ద్రవరూపంలో ఉన్న మందువలె దానికి ఫ్రిజ్ తప్పనిసరి కాదు కనుక, కరెంటు తరచుగా పోయే కొండ ఊళ్లలోనూ నిల్వ ఉంచవచ్చు. విషలక్షణాలు కనబడితే సాధారణంగా 10 సీసాలతో మొదలుపెడతారు. పిల్లలకు సగం వేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు, పాము ఎక్కించే విషం పిల్లవాడని తగ్గదు కదా, అందుకే మందు కూడా పెద్దవాళ్లకు వేసినంతే వేస్తారు.

మరి మీ మరిదిని సూది వేయకుండా ఎందుకు పంపారన్నది నేను ఊహించి చెప్పడమే అవుతుంది. ఈ మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది కనుక కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి, అరుదుగా రక్తపోటు పడిపోతుంది. ఆ భయంతో చిన్న ఆసుపత్రులలో వెనకాడడం నేను చూశాను. అడ్రినలిన్ సూది చేతిలో ఉంచుకుని మందు ఎక్కించే డాక్టరు ఆ ప్రతిచర్యను అక్కడికక్కడే అదుపు చేయగలరు. విషలక్షణాలు కనబడుతున్న మనిషిని ఒక్క సీసా కూడా ఎక్కించకుండా ఘాట్ రోడ్డు మీదకు పంపడం కంటె అది ఎంతో చిన్న ప్రమాదం. రక్తం గడ్డకడుతోందో లేదో చూడడానికి కూడా పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. శుభ్రమైన, పొడి గాజుగొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తరువాత వంచి చూస్తారు; గడ్డకట్టకుండా జారితే పింజర కాటుగా భావించి మందు మొదలుపెడతారు.

నేల మీద పడుకున్నవారిని రాత్రివేళ కరిచేది ఎక్కువగా కట్లపాము. దాని కాటు పెద్దగా నొప్పి పుట్టదు, వాపు రాదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి, ఆపైన ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. ఈ దశలో ఊపిరి ఆడించేవారుంటే మనిషి బతుకుతాడు. 108లోని సిబ్బంది చేత్తో నొక్కి గాలి అందించే ఆంబూ సంచితో శ్వాస అందిస్తూ తీసుకురాగలరు. కనుక రెప్పలు వాలుతున్నా, మింగడం కష్టమైనా, ఆటో కంటె 108 మేలు. లక్షణాలింకా లేకపోతే మాత్రం బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి, దొరికిన వాహనంలో ఎదురు వస్తున్నామని, ఫలానా చోట కలుస్తామని చెప్పి బయలుదేరండి. వెళ్లబోయే ఆసుపత్రికి ఆశా కార్యకర్త చేతనో ఏఎన్‌ఎం చేతనో ఫోన్ చేయించి, మందు ఉన్నదో లేదో, డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోవాలి. ఆ రెంటిలో ఏది లేకపోయినా అక్కడ ఆగకుండా తరువాతి ఆసుపత్రికి సాగిపోవడమే మంచిది. మోటారుసైకిలు తప్ప మరేదీ దొరకకపోతే, రోగిని నడిపేవారికీ వెనుక కూర్చున్నవారికీ మధ్య కూర్చోబెట్టి తీసుకురావచ్చు.

తాడు సంగతి: కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు పూయవద్దు. మెట్టెలు, కడియాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. కరిచిన కాలికి కర్ర ఆనించి, ఎముక విరిగినప్పుడు కట్టినట్లు వదులుగా కట్టి, మనిషిని నడవనీయకండి. ఇప్పటికే ఎవరైనా తాడు బిగించి ఉంటే, దారిలో ఒక్కసారిగా విప్పేయకండి. మందు సిద్ధం చేసుకుని డాక్టరే నెమ్మదిగా విప్పుతారు. ఏ లక్షణమూ లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలో ఉండవలసిందే. కాపలాకు వెళ్లేవారు నేల మీద కాక మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకుంటే కట్లపాము బెడద చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: నేను దోర్నాలలో ఆటో నడుపుతాను. శ్రీశైలం ఘాట్ రోడ్డులో ప్రమాదం జరిగితే చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. గాయపడినవారిని ఎక్కించుకుంటే పోలీసు కేసులో ఇరుక్కుంటామని తోటి డ్రైవర్లు భయపెడుతున్నారు.

జవాబు: ఆ భయం అక్కరలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాద బాధితుడికి సద్భావంతో సాయపడిన వ్యక్తిపై, ఆ బాధితుడికి ఏమైనా జరిగిందన్న కారణంతో కేసు పెట్టరాదు. పేరు, చిరునామా చెప్పడం కూడా అతని ఇష్టమే. సిగ్నల్ విషయానికి వస్తే, మీ సిమ్ కంపెనీ టవరు అందనిచోట కూడా వేరే కంపెనీ టవరు అందుతుంటే అత్యవసర నంబరైన 112కు ఫోన్ కలిసే అవకాశం ఉంది కనుక ముందు ఆ నంబరు ప్రయత్నించండి. అదీ కలవకపోతే కిందికి వెళ్లే ఆర్టీసీ బస్సు డ్రైవరుకు కబురు చెప్పి, దగ్గరి అటవీ చెక్‌పోస్టు నుంచి సమాచారం అందించమనండి. రాత్రివేళ గేట్లు మూసి ఉంటాయి కనుక అక్కడి సిబ్బందికి ఈ కబురు చేరడం మరీ అవసరం. ఫోన్ కలిసినప్పుడు కిలోమీటరు రాయి మీది అంకె, గాయపడినవారి సంఖ్య, వారిలో స్పృహ లేనివారెందరో ముందు చెప్పండి. మెడకో వెన్నెముకకో దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే, మంటలు అంటుకునే ప్రమాదం లేనంతవరకు, 108 వచ్చేదాకా మనిషిని కదిలించకుండా ఉంచి, కారుతున్న రక్తాన్ని మాత్రం గుడ్డతో గట్టిగా అదిమిపట్టండి.