ఆ మాట మీ వారు చెప్పాలి

తెనాలి నుంచి ఒక సోదరి రాశారు. మామగారు 1974లో కట్టించిన ఇల్లు. వరండాలో మీటరు పక్కన చెక్క బోర్డు, దాని మీద పింగాణీ ఫ్యూజులు ఇప్పటికీ అవే. ఇంట్లోకి మాత్రం రెండు ఏసీలు, గీజరు, వాషింగ్ మెషీన్ వచ్చాయి. ఫ్యూజు పోయినప్పుడల్లా 78 ఏళ్ల మామగారే స్టూలెక్కి తీగ చుడతారు. మొన్న వానల్లో వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే ఈమెకు షాక్ కొట్టింది. బోర్డు మారుద్దామంటే ఆయన కోప్పడతారు. భర్తేమో "నువ్వే ఎలాగోలా ఒప్పించు" అంటారు. మామగారు హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉండే పది రోజుల్లో పని చేయించేస్తే తప్పా అని అడిగారు.

అమ్మా, తప్పే. చేయించకండి. తను దగ్గరుండి వేయించుకున్న వైరింగు తిరిగొచ్చేసరికి మాయమైతే ఆ పెద్దాయన మనసు విరిగిపోతుంది. నింద పడేది మీ మీదే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మామగారి మొండితనం గురించి ఒక పేజీ రాశారు, మీ వారి గురించి ఒక్క వాక్యం. నాకు గుచ్చుకున్నది ఆ వాక్యమే. పెళ్లయి 19 ఏళ్లు. పిల్ల హాస్టలు విషయమైనా, పొలం కౌలు విషయమైనా మామగారితో మాట్లాడింది మీరే. ఆయన గొంతు పెంచితే మీ వారు పేపరు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోతారు. నాన్నంటే అంత గౌరవం అని మీరు సర్దిచెప్పుకుంటున్నారు. నేను ఒప్పుకోను. భార్యకు షాక్ కొట్టిన రోజు కూడా నోరు విప్పకపోతే దాన్ని గౌరవం అనరు. కోడలు అడిగితే మామగారికి అది వంక పెట్టినట్టు వినిపిస్తుంది. కన్నకొడుకు పక్కన కూర్చుని "నాన్నా, నాకు భయంగా ఉంది" అంటే ఆ వినడమే వేరు.

ఏం చెప్పాలో కూడా రాస్తున్నాను, మీ వారికి చూపించండి. మాటిమాటికీ పోతోందని లావు తీగ చుడితే ఫ్యూజు నిలబడుతుంది, గోడలోని వైరు కాగిపోతుంది. మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతున్నా ఆ ఫ్యూజు పోదు. దానికి ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల రకం పెట్టిస్తే, అంత లీకవగానే కరెంటు ఆపేస్తుంది. బోర్డు ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. పాత వైర్లు, ఎర్తింగ్ కూడా లైసెన్సున్న కాంట్రాక్టరు చేత చూపించాలి. రెండు ఏసీలకు లోడ్ పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు కూడా పెట్టాలి. సర్వీసు మామగారి పేరు మీదే ఉందన్నారు కాబట్టి అది ఆయన సంతకంతోనే వెళ్లనివ్వండి.

ఫ్యూజు వైరు చుట్ట, టెస్టరు బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని ఎవరినీ తాకనివ్వరని రాశారు. యాభై ఏళ్లుగా ఆ ఇంటి దీపం ఆరకుండా చూసుకున్న మనిషి ఆయన. ఏ ఫ్యూజు ఏ గదిదో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పని జరిగేటప్పుడు వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కొత్త బాక్సులో ఒక్కో ఎంసీబీ (ఫ్యూజు బదులు వచ్చే స్విచ్చు) కింద గది పేరు ఆయన చేతే రాయించండి.

మీ వారు తండ్రితో కూర్చున్నప్పుడు మీరు కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేయండి. గొంతులు పెరిగినా బయటికి రావద్దు. వాషింగ్ మెషీన్ ప్లగ్గు మాత్రం ఇప్పుడే తీయించేయండి. అది బాగుచేసి, ఎర్తింగ్ సరిచూసేదాకా బట్టలు చేత్తో ఉతుక్కున్నా ఫర్వాలేదు.